95 డిగ్రీలా? నార్మలే సార్!

గ్రాఫిక్స్ కార్డుల డబ్బాల మీది పేర్లు చదువుతుంటే నడి మే నెలలో కూడా వెన్నులో చలి పుడుతుంది. ఒకరిది ఐస్‌స్టార్మ్. ఒకరిది ఫ్రోజర్. ఇంకొకరిది ఐచిల్, అది చాలదన్నట్టు దానిలోనే ఒక రకానికి ఫ్రాస్ట్‌బైట్ అని తోక తగిలించారు. అంటే మంచులో వేళ్లు కొయ్యబారి నల్లబడి ఊడిపోయే జబ్బు. విండ్‌ఫోర్స్ వారైతే ఏకంగా వాయుదేవుణ్ణే కూలికి కుదుర్చుకున్నారు. ఇంత హిమపాతం మధ్య నిజం చెప్పిన పుణ్యాత్ములు కలర్‌ఫుల్ అనే చైనా కంపెనీ వాళ్లు మాత్రమే. తమ ఖరీదైన కార్డుకి వల్కన్ అని పేరు పెట్టుకున్నారు. వల్కన్ రోమన్ల అగ్నిదేవుడు. కొలిమి ఆయన ఆఫీసు.

ఇక డబ్బా విప్పండి. 2025 జనవరిలో అమ్మకానికొచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 తినే కరెంటు, కంపెనీ తన నోటితో తానే చెప్పిన లెక్క ప్రకారం, 575 వాట్లు. పాతరకం సీలింగ్ ఫ్యానుకి 75 వాట్లు వేసుకుంటే, ఏడు ఫ్యాన్ల పైచిలుకు. ఏడు ఫ్యాన్లు తిరిగితే కల్యాణ మండపంలో ఒక వరస భోజనాలు చల్లగా ముగుస్తాయి. ఈ కార్డు ఆ కరెంటంతా తిని తెరమీద ఒక రాక్షసుడి జుట్టు గాలికి ఎలా ఊగుతుందో లెక్క కడుతుంది.

లెక్క కట్టాక ఆ 575 వాట్లూ ఎటు పోతాయి? ఎటూ పోవు, వేడిగా మారి గదిలోనే ఉంటాయి. కూలర్ ఎంత గొప్పదైనా అది వేడిని పుట్టకుండా ఆపదు, పుట్టినదాన్ని మాయం చెయ్యదు. చిప్పు మీంచి తీసి మీ గదిలో దిమ్మరిస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చిప్పుని చల్లబరిచిన పేరు కార్డుకి, ఆ పనికి కరెంటు బిల్లు కట్టే భాగ్యం మీ ఏసీకి. ప్రాసెసరూ మిగతా సామానూ కలుపుకుంటే అటూఇటూగా 800 వాట్లు. ఒక టన్ను ఏసీ గదిలోంచి బయటికి తోడగలిగేది సుమారు 3,500 వాట్ల వేడి. ఐదో వంతుకు పైగా బలం ఆటలో రాక్షసులకే సరిపోతుంది. మిగిలింది మీకు.

అయితే వేడి గురించి నాకు పెద్ద పేచీ లేదు. పని చేసేది ఏదైనా వేడెక్కుతుంది. నా పేచీ వేడెక్కాక మనకు చెప్పే మాటలతో. ఈ పరిశ్రమకు ఒక అలవాటుంది: చల్లబరచలేకపోతే, వేడి అంటే ఏమిటో అర్థం మార్చేస్తారు. చప్పుడు తగ్గించలేకపోతే, నిశ్శబ్దం అంటే ఏమిటో అర్థం మార్చేస్తారు. రెండూ కుదరకపోతే మిమ్మల్ని మార్చుకోమంటారు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1996లో వచ్చిన తొలి వూడూ గ్రాఫిక్స్ కార్డు చిప్పుల మీద ఫ్యాను సంగతి అటుంచి చిన్న అల్యూమినియం ముక్క కూడా ఉండేది కాదు. ఏడేళ్లు తిరిగేసరికి, 2003లో, ఎన్విడియా వారి జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా వచ్చింది. దాని ఫ్యాను మోతకి లోకం పెట్టిన ముద్దుపేరు డస్ట్‌బస్టర్, చేత్తో పట్టుకుని దుమ్ము పీల్చే యంత్రం పేరు. అప్పుడు ఎన్విడియా చేసిన పని చూడండి. తన ఉద్యోగులతోనే ‘డెసిబెల్ డైలమా’ అని ఒక వీడియో తీయించి, ఆ కార్డుతో ఆకులు ఊదుతున్నట్టు, జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు తన మీద తానే జోకులు వేసుకుంది. కొద్ది నెలల్లో దాని స్థానంలో 5900 తెచ్చింది. తప్పు జరిగింది, నవ్వుకున్నారు, దిద్దుకున్నారు. ఈనాటి కంపెనీ ప్రకటనలు చదివాక ఆ వీడియో గుర్తొస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

2010లో ఎన్విడియా జీటీఎక్స్ 480 వచ్చినప్పుడు జనం దాని మీద గుడ్లు వేయించి వీడియోలు పెట్టారు. ఫెర్మి అనే దాని అసలు పేరు థెర్మిగా మారింది. అప్పటికి నవ్వేది మనమే, కంపెనీ నవ్వడం మానేసింది.

అసలు మలుపు 2013 అక్టోబరులో. ఎన్విడియాకి పోటీ అయిన ఏఎండీ వారు రేడియన్ ఆర్9 290ఎక్స్ తెచ్చారు. మంచి చిప్పు, పోటీవాడి కార్డుకన్నా చవక కూడా. దాని మీద పెట్టిన కూలర్ మాత్రం అంతంతమాత్రం. ఆట మొదలెట్టిన కాసేపటికే చిప్పు 95 డిగ్రీలకు చేరి అక్కడే బైఠాయించేది. మన ఊళ్లో నీళ్లు మరగడానికి ఇంకో ఐదు డిగ్రీలే తక్కువ. ఇదేం ఖర్మ అని అడిగిన వాళ్లకి వచ్చిన జవాబు సాంకేతిక చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగినది: అది పొరపాటున 95కి చేరడం లేదు, మేమే దాన్ని 95 దగ్గర నడిచేలా తయారు చేశాం, జీవితాంతం అక్కడే నడిచినా దానికేం కాదు.

దానికేం కాకపోవచ్చు, సిలికాన్ గట్టి పిండమే. పక్కన కూర్చున్నవాడి మాటేమిటి? ఆ కార్డుకి ఒక చిన్న మీట కూడా పెట్టారు. ఒకవైపు ‘క్వైట్’, రెండోవైపు ‘ఊబర్’. క్వైట్‌లో పెడితే ఫ్యాను 40 శాతం దాటదు, చిప్పు వేడెక్కి వేగం తానే తగ్గించుకుంటుంది. ఊబర్‌లో ఫ్యాను 55 శాతం దాకా పోతుంది, చిప్పు పరుగెత్తుతుంది, ఇంట్లోవాళ్లు గది ఖాళీ చేస్తారు. మౌనం కావాలంటే వేగం వదులుకో, వేగం కావాలంటే మౌనం వదులుకో. రెండింటికీ ధర మాత్రం ఒక్కటే. నూరు శాతం తిరగగల ఫ్యానుని 55 దగ్గర కట్టేశారంటే, ఆ పైన ఏముంటుందో వాళ్లకి బాగానే తెలుసన్నమాట.

గాలితో పని కావడం లేదని 2015లో అదే కంపెనీ ఫ్యూరీ ఎక్స్‌కి నీళ్ల కూలర్ పెట్టింది. చిప్పు చల్లబడింది. తొలి విడత కార్డుల్లో నీళ్లు తిప్పే పంపు కీచుమనడం మొదలెట్టింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ 2022 డిసెంబరుది. రేడియన్ ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్, ధర 999 డాలర్లు. అందులో చిప్పు మీద వేపర్ ఛాంబర్ అని ఒక పల్చటి రాగి పెట్టె ఉంటుంది. లోపల గాలి తీసేసి కాసిని నీళ్లు పోసి మూత బిగిస్తారు. చిప్పు వేడికి నీరు ఆవిరవుతుంది, ఆవిరి చల్లటి వైపు పోయి మళ్లీ నీరై, గోడలకున్న సన్నటి అల్లిక గుండా వెనక్కి పాకుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేకుండా వేడిని మోసే పరికరం, నిజంగా అందమైన ఆలోచన. అయితే కొన్ని కార్డుల్లో ఒక చిన్న లోపం జరిగింది. నీళ్లు తక్కువ పోశారు.

ఆ కార్డులు కొన్నవాళ్లు చిప్పులో అత్యంత వేడి బిందువు 110 డిగ్రీలకు చేరుతోందని, ఫ్యాన్లు ప్రాణం పోయేలా తిరుగుతున్నాయని, అయినా వేగం పడిపోతోందని మొరపెట్టుకున్నారు. మొదట్లో కొందరికి అందిన సమాధానం: ఆ ఉష్ణోగ్రత స్పెక్‌లోనే, అంటే మేం గీసిన హద్దులోనే ఉంది, అంతా నార్మల్. అక్కడితో ఊరుకుంటే అందరం నమ్మేసేవాళ్లమే. ఓపికున్నవాళ్లు కార్డుని అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి, తిరగేసి కొలిచి, కార్డుకి భూమ్యాకర్షణ తగిలే దిశ మారితే ఉష్ణోగ్రత మారుతోందని తేల్చారు. చిప్పుకి భూమ్యాకర్షణతో పనేముంది? నీటికుంది. 2023 జనవరిలో కంపెనీ ఒప్పుకుంది, కార్డులు మార్చి ఇచ్చింది. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి. కానీ నీళ్లు లేక ఎండిపోయిన రాగి డబ్బా కూడా కొన్ని వారాలపాటు ‘స్పెక్‌లోనే’ ఉండగలిగిందంటే, ఆ స్పెక్‌ది ఎంత విశాల హృదయమో ఆలోచించండి.

చప్పుడు విషయానికొద్దాం. ఇక్కడ పరిశ్రమ ప్రతిభ వేడి దగ్గర కన్నా ఎక్కువ వెలిగింది. ఇప్పుడు దాదాపు ప్రతి ఖరీదైన కార్డు డబ్బా మీదా ‘0 డీబీ’ అన్న ముద్ర ఉంటుంది. సున్నా డెసిబెల్స్! కార్డు ఏ పనీ లేకుండా చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆగిపోతాయి, అదీ సంగతి. ఆగివున్న ఫ్యాను మోగదన్న మహా రహస్యానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టి, ఒక్కో ముద్ర వేసి అమ్ముకుంటోంది. ఈ లెక్కన మా ఇంట్లో గ్రైండరు కూడా రోజుకి ఇరవై మూడున్నర గంటలు సున్నా డెసిబెల్సే.

పోనీ ఆ సున్నా అయినా మనకి దక్కుతుందా అంటే, రామగుండంలోనో రెంటచింతలలోనో ఉంటే దక్కదు. ఈ కార్డుల్ని పరీక్షించే గదులు సాధారణంగా 20, 25 డిగ్రీల మధ్య ఉంటాయి. మన దగ్గర వేసవిలో బయట 45 పలుకుతుంటే, ఏసీ లేని గదిలో 36, 37కి తక్కువుండదు. ఫ్యాను వేగం అంతే ఉంచితే గది ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో చిప్పూ దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. ఇది కంపెనీలకు తెలియని భౌతికశాస్త్రం కాదు, డబ్బా మీద రాయని భౌతికశాస్త్రం. ఫలితం ఏమిటంటే, ఏ పనీ చెయ్యకపోయినా కార్డు ఆ ఫ్యాను మొదలయ్యే గీత దగ్గరే తచ్చాడుతుంది. మీరు ఏదో చదువుకుంటుంటారు. ఉన్నట్టుండి గుర్రుమని మూడు ఫ్యాన్లూ లేస్తాయి. ఓ అరనిమిషం తిరిగి, గీత కిందికి దించి, ఠక్కున ఆగుతాయి. గది మళ్లీ మామూలవుతుంది, మీరు వాక్యం మొదటికొస్తారు. రెండో పేరాకి రాకముందే మళ్లీ గుర్రు. నిలకడగా మోగే ఫ్యానుకి చెవి అలవాటు పడుతుంది; లేస్తూ కూలుతూ ఉండే ఈ సున్నా డెసిబెల్స్‌కి మాత్రం పడదు. చివరికి ఆ సదుపాయాన్ని సాఫ్ట్‌వేర్‌లో వెతికి ఆపేసి, ఫ్యాన్లు నెమ్మదిగా ఎప్పుడూ తిరిగేలా పెట్టుకుంటే గానీ ప్రాణం కుదుటపడదు. డబ్బులిచ్చి కొన్న నిశ్శబ్దాన్ని ఆపుకుంటేనే ప్రశాంతత.

డెసిబెల్ అంకెలు వేసేవాళ్ల ధైర్యం మరొకటి. మూడు, నాలుగు డెసిబెల్స్ పెరిగితే ఏముందిలే అనిపిస్తుంది, ఆ కొలబద్ద తీరు అలాంటిది. పది పెరిగితే మన చెవికి చప్పుడు సుమారు రెట్టింపైనట్టు తోస్తుంది. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే పెరిగేది దాదాపు పదిహేను. పైగా ఎంత దూరంనుంచి కొలిచారు, క్యాబినెట్ లోపల పెట్టి కొలిచారా, బల్ల మీద ఆరుబయట పెట్టి కొలిచారా అన్నది రాయకపోతే ఆ అంకెకి జాతకంలో అంకెకున్నంత విలువే.

ఫ్యానులన్నీ ఆపినా మోగే చప్పుడు ఇంకోటుంది, కాయిల్ వైన్. కార్డు మీద వోల్టేజిని సర్దే చిన్న చిన్న రాగితీగ చుట్టలుంటాయి. చిప్పు ఆకలి క్షణక్షణం మారుతుంటే వాటిలో కరెంటు ఎగిసిపడుతుంది, ఆ ఊపుకి చుట్ట అదురుతుంది. ఆ అదురు మన చెవికి వినపడే శ్రుతిలో పడితే, కీచురాయి. ఆటలో యుద్ధం జరిగేటప్పుడు కన్నా, ఆట మొదలుకాకముందు మెనూ దగ్గర ఎక్కువ వినిపిస్తుంది. ఎందుకంటే అక్కడ గీయడానికేమీ ఉండదు, కార్డు పట్టపగ్గాల్లేకుండా సెకనుకి వేల బొమ్మలు, అంటే ఫ్రేములు, గీసి పారేస్తుంటుంది. మౌసుతో మెనూని కిందికీ పైకీ జరిపితే స్వరం కూడా కిందికీ పైకీ జరుగుతుంది. ఓపికుంటే ఓ రాగం పలికించవచ్చు.

మా బామ్మర్ది కొడుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో లక్ష దాటించి కొన్న కార్డుకి ఈ సంగీతం వచ్చింది. వాడితో పాటు సర్వీస్ సెంటర్‌కి నేనూ వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే.

“ఏం ప్రాబ్లమ్ సార్?”

“కీచుమంటోంది బాబూ.”

“ఫ్యానా సార్?”

“ఫ్యాన్లు ఆగినా కీచుమంటోంది.”

“ఓ, కాయిల్ వైనా. అది నార్మలే సార్. డిఫెక్ట్ కిందికి రాదు.”

“మరి దేని కిందికి వస్తుంది?”

“క్యారెక్టరిస్టిక్ సార్.”

నేను తేరుకునేలోపు పరిష్కారం కూడా చెప్పాడు. “హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వినపడదు సార్.”

అబ్బాయిని ఏమీ అనలేం, వాడికి పైనుంచి వచ్చిన పాఠం అది. లక్ష రూపాయల కార్డు లోపాన్ని కప్పిపుచ్చే పరికరం కూడా మనమే కొనుక్కోవాలని, అదీ చెవికి తగిలించుకోవాలని రాసిన ఆ పాఠం రచయితని మాత్రం ఒకసారి కలవాలనుంది.

2022లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డులకి కరెంటు అందించే కొత్త కనెక్టర్లు కొన్ని కరిగిపోయినప్పుడు వినిపించిన జవాబు ఈ కోవలోదే. ప్లగ్గు పూర్తిగా లోపలికి నొక్కలేదు, అదీ కారణమన్నారు. నిజమే కావచ్చు. కానీ లక్షన్నర రూపాయల పైబడ్డ వస్తువు కాస్త వదులుగా గుచ్చితే కాలిపోయేలా ఉంటే, తప్పు గుచ్చినవాడిదా, అలా గుచ్చినా కరెంటు పారనిచ్చిన ప్లగ్గుదా? ఆడలేక మద్దెల ఓడన్నారట. ఇక్కడ ప్రేక్షకుణ్ణి ఓడన్నారు. ఆ తర్వాత కనెక్టర్ లోపలి పిన్నుల పొడవు సవరించి, సగం గుచ్చితే పనిచెయ్యకుండా కొత్త రూపం తెచ్చారు. ప్రేక్షకుడిలో లోపమైతే మద్దెలెందుకు బిగించినట్టో.

5090 పుట్టిన 50 సిరీస్‌కొచ్చేసరికి వాదన కూడా అక్కర్లేకుండా పోయింది. చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు ఉష్ణోగ్రతని హాట్‌స్పాట్ అంటారు. వేపర్ ఛాంబర్‌లో నీళ్లు తక్కువైనా, చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు సరిగ్గా అంటకపోయినా మొదట బయటపెట్టేది ఆ అంకే. గత తరం కార్డుల దాకా అది ఎవరైనా చూసుకోగలిగేవారు. ఈ తరంలో ఎన్విడియా దాన్ని కనపడకుండా చేసింది. జ్వరం తగ్గడం లేదని థర్మామీటరు దాచిపెట్టిన డాక్టరుకి కనీసం రోగి నుదురైనా కాలుతుంటుంది. ఇక్కడ కార్డు నుదురు ముట్టుకునే వీలు లేదు, కూలర్ కింద ఉంటుంది. ఇక ఎవరూ 110 అని ఫిర్యాదు చెయ్యలేరు. అంతా స్పెక్‌లోనే.

ఇంతకీ ఈ వేడంతా, మోతంతా తప్పదా? ఇక్కడే నాకు ఒళ్లు మండేది. చాలావరకు తప్పుతుంది. చిప్పు తినే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది. ఇచ్చే వోల్టేజి వర్గంతో కూడా పెరుగుతుంది. వేగం చివరి మెట్లు ఎక్కించాలంటే వోల్టేజి ఎగదొయ్యాలి. అంటే చివరి గుప్పెడు ఫ్రేముల కోసం చెల్లించే మూల్యం, మొదటి గంపెడు ఫ్రేములకు చెల్లించినదానితో పోలికే లేనిది. 450 వాట్ల 4090 కార్డుకి పరిమితిని 70 శాతానికి, అంటే సుమారు 315 వాట్లకి, దించి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆటల్లో పోయింది పదో వంతు కూడా లేదు. పోయింది 135 వాట్ల వేడి, దాంతోపాటు ఫ్యాన్ల రొద. ఆ పదోవంతు లోపు తేడా కోసమే రెండు కిలోల పైబడ్డ అల్యూమినియమూ రాగీ వేలాడేసి, అది వంగిపోకుండా కింద గుంజ పాతి, చుట్టూ రంగుల దీపాలు పెట్టారు. ఆ పదోవంతు ఎవరికి కావాలి? విడుదల రోజున సమీక్షల్లో వచ్చే పట్టీల బొమ్మకి. మన పట్టీ పక్కవాడి పట్టీకన్నా ఓ వేలెడు పొడుగుండాలి. ఆ వేలెడు కోసం మీ గదిని ఐదేళ్లు వేడెక్కిస్తారు.

ఇందులో ఇంజినీర్ల తప్పు నాకు కనపడదు. 5090ని ఎన్విడియా తన సొంత కార్డులో కేవలం రెండు స్లాట్ల మందంలో ఇమిడ్చింది. చిప్పుకీ కూలర్‌కీ మధ్య ద్రవలోహం వేసి, గాలి కార్డుని రెండు చోట్ల ఇటునుంచి అటు దాటేలా చేసి 575 వాట్లని లాగుతోంది. టోపీ తియ్యాల్సిన పనే. ఆసుస్ వాళ్లు 2021లో నాక్టువా ఫ్యాన్లు తగిలించి తెచ్చిన 3070 కార్డు మరీ నిజాయితీగలది. నాలుగు స్లాట్ల పైన మందం, గోధుమరంగు, చూస్తే కొరియర్ పార్సిల్‌లా ఉంటుంది, కానీ పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి, అంతే కిటుకు. మోత తగ్గించడానికి మంత్రాలేమీ లేవు: తక్కువ తిను, లేదా లావుగా ఉండు. కంపెనీల మార్కెటింగ్ విభాగం మూడో దారి కనిపెట్టింది, మోతనే నార్మల్ అనడం.

నేను ఊరుకోలేక బామ్మర్ది కొడుకు కంప్యూటర్లో ఆ పరిమితిని జరిపించాను. పైసా ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక గీతని ఎడమకి లాగడం. ఫ్యాన్లు నెమ్మదించాయి, కీచురాయి కూడా సగానికి తగ్గింది. వాడి ఆటలో మూలన ఉండే ఫ్రేముల అంకె 144 నుంచి 137కి దిగింది. వాడి తెర సెకనుకి చూపించగలిగేది 120.

మర్నాడు చూస్తే గీత మళ్లీ కుడి చివర ఉంది, గది మోగుతోంది.

“ఏరా, బాగానే ఉందిగా, మళ్లీ ఎందుకు మార్చావు?”

“బాగానే ఉంది మామయ్యా,” అన్నాడు హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి జరిపి, “కానీ నంబర్ తగ్గిందిగా.”